నారాయణపేట కలెక్టర్ గారికి: డప్పు తాతకు బడిలో కూలి ఇప్పించండి

కలెక్టర్ గారూ, నమస్తే. మీ జిల్లాలోనే ఒక సర్కారు బడిలో లెక్కలు చెప్తాను.

మీకు తెలియంది కాదు, దసరా దాటితే మా దగ్గర సగం ఇళ్లకు తాళాలు పడతాయి. పుణె, ముంబై పనులకు అమ్మానాన్నతో పాటు పిల్లలూ పోతారు, ఉగాదికి వస్తారు. వలస పోయినోళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ ఉన్నచోట కొందరు ఆగుతారు, మంచిదే. నా బాధంతా పోయి తిరిగొచ్చిన వాళ్ల గురించి. ఆర్నెల్లు ఇటుకలందించి వచ్చిన పిల్లాడిని తొమ్మిదో తరగతిలో కూర్చోబెట్టి బీజగణితం తెరవమంటే తెరవడు. సిగ్గు. పైగా విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దాకానే, ఆపైన వాడు బడి మానేసినా అడిగేవాళ్లుండరు.

పోయినేడు వార్షికోత్సవానికి ఊళ్లో డప్పు కొట్టే తాతను పిలిచాం. గ్రౌండ్ పక్కన గడ్డి మంటేసి ఆయన డప్పు కాస్తుంటే, వారం రోజులుగా నోరు విప్పని ఒక పిల్లాడు లేచొచ్చి, గోటితో తట్టి చూసి, "ఇంకా కాగలే తాతా" అన్నాడు. ఆ తర్వాత డప్పు కొట్టే రెండు పుల్లలు, సిర్ర, చిటికెన పుల్ల, ఎట్లా పట్టాలో పదిమందికి వాడే చూపించాడు. మూడు దెబ్బల వరుస ఒకరు, నాలుగు దెబ్బల వరుస ఇంకొకరు కొడితే ఇద్దరూ మళ్లీ ఎక్కడ కలుస్తారని అడిగా. కొట్టి చూసి "పన్నెండు" అన్నాడు. బోర్డు మీద క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అని రాశా. నాలుగుకు, ఆరుకు నేను అడిగేలోపే చెప్పాడు. అంతమాత్రాన లెక్కల్లో ఫస్టొచ్చాడని అనను, రాలేదు. కానీ ఆ నెలంతా బడికొచ్చాడు, పాట మర్చిపోకుండా రాసుకోవడానికి నోట్‌బుక్ అడిగి తీసుకున్నాడు.

తర్వాతేమైంది? తాత మా దగ్గరికొస్తే ఆయన రోజు కూలి పోతుంది. రెండు వారాలు మేం టీచర్లం తలా కొంత వేసుకున్నాం, ఆపైన టెన్త్ రిజల్ట్ టెన్షన్‌లో డప్పు నేర్చుకునే గది కూడా స్పెషల్ క్లాసులకు పోయింది.

2015 నుంచి బడి పిల్లల కళలకు కేంద్రం పెట్టే కళా ఉత్సవ్ జరుగుతోంది, కాదనను, కానీ అది పోటీ. అసలు బడికే రాని పిల్లాడు పోటీ దాకా ఎట్లా పోతాడు సార్? మన దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు, అంటే నేర్పేవాళ్లు మన దగ్గరే ఉన్నారు.

అడిగేది చిన్నదే. వలస పిల్లలున్న బళ్లలో వారానికి రెండు సాయంత్రాలు, ఊరి కళాకారుడికి ఆ రోజు కూలికి తగ్గకుండా డబ్బు, పిల్లలకు ఉడికించిన గుగ్గిళ్లు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి, డప్పు అంటే దళిత పిల్లల్నే పిలిచి కొట్టించే అలవాటు మన బళ్లలో ఉంది. అట్లా చేసేదుంటే అసలు వద్దు. అన్ని కులాల పిల్లలూ ఆ మంట చుట్టూ కూర్చోవాలి, ఆ మాట ఉత్తర్వులోనే రాయించండి.

"మళ్లెప్పుడు రమ్మంటరు సారూ?" అని తాత కనపడ్డప్పుడల్లా అడుగుతున్నాడు. జూన్‌లో బళ్లు తెరిచేలోపు ఆయనకేం చెప్పమంటారు?