పిండి మర లెక్క

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. ఖమ్మం వెళ్లాక ఒక్కడివే చదువుకోవడం కష్టమే, కాదనను. కానీ అకౌంట్స్‌కి భయపడి సీఏ ఇంటర్ గ్రూప్ వన్ వదిలేస్తానంటే మాత్రం ఒప్పుకోను. రాత్రి చిక్కడపల్లి లైబ్రరీ నుంచి రూముకి రాగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అసెట్ (ఆస్తి) ఖరీదు ఎలా లెక్కకట్టాలో నాకు అర్థమైంది ఉప్పల్‌లో మా బాబాయి పిండి మర పెట్టినప్పుడు. బిల్లులన్నీ ఒక పాత డైరీలో పెట్టి, "ఒరేయ్, నాకు మర ఎంతకి పడిందో చెప్పు" అన్నాడు. మిషన్ ధర 1,85,000, అందులో డిస్కౌంట్ 5,000 పోయింది. ట్రాలీ, దింపుడు కూలీ 6,000. కింద కాంక్రీట్ దిమ్మె 9,000. బిగించినవాళ్లకి 5,000. ట్రయల్‌కి గోధుమలు, కరెంటు కలిపి 2,000 అయితే, ఆ పిండి అమ్మగా 800 వచ్చింది కాబట్టి 1,200 మాత్రమే కలిపాను. మొత్తం 2,01,200.

బాబాయి ఊరుకోలేదు. పూజకి, భోజనాలకి 7,000 అయింది కదా, కరపత్రాలకి 1,500, కుర్రాడికి పని నేర్పడానికి 3,000, అవెందుకు కలపలేదన్నాడు. "అవి లేకపోయినా మర తిరుగుతుంది బాబాయ్, దిమ్మె లేకపోతే తిరగదు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు ఏఎస్ 10, అంటే ఆస్తుల ఖరీదు గురించి చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్, తలకెక్కింది. ప్రారంభోత్సవం, ప్రకటనలు, ట్రైనింగ్, ఆఫీసు ఖర్చులు అసెట్‌లోకి రావు. క్రెడిట్‌గా తిరిగొచ్చే జీఎస్టీ కూడా అంతే.

ఇక నీకు టెన్షన్ పెడుతున్న వడ్డీ సంగతి. అసెట్ కట్టడానికి చేసిన అప్పు వడ్డీని దాని ఖరీదులో ఎప్పుడు కలపాలో చెప్పేది ఏఎస్ 16. అందులో పెన్సిల్‌తో తేదీల గీత గీయకుండా ఒక్క లెక్కా మొదలుపెట్టకు. కంపెనీ ఫ్యాక్టరీ కోసమే 80 లక్షలు 12 శాతానికి ఏప్రిల్ 1న తీసుకుని ఆ రోజే పని మొదలుపెట్టింది, కట్టడానికి 18 నెలలు పడుతుంది అనుకో. మొదటి ఏడాది వడ్డీ 9,60,000. మధ్యలో సమ్మె వల్ల రెండు నెలలు పని పూర్తిగా ఆగింది, ఆ 1,60,000 ప్రాఫిట్ అండ్ లాస్‌కి, అంటే ఆ ఏడాది ఖర్చులోకి పోతుంది. పని నడుస్తున్న నెలల్లో వాడని డబ్బు బ్యాంకులో వేస్తే 60,000 వచ్చింది, అదీ తీసెయ్. అసెట్‌కి ఎక్కేది 7,40,000. ఒక్కటి గుర్తుంచుకో, ఏటా వానలకి నీళ్లు పెరిగే చోట వంతెన పని ఆగితే వడ్డీ ఆపనక్కర్లేదు, అక్కడ ఆ ఆలస్యం పనిలో భాగమే. పని దాదాపు పూర్తయి అసెట్ సిద్ధమైన రోజు మాత్రం గీత ఆగిపోవాలి. అప్పు ఇంకా ఉన్నా సరే.

ఇన్వెస్ట్‌మెంట్స్‌లోనూ ఇదే గీత. 100 రూపాయల 12 శాతం డిబెంచర్లు (కంపెనీ అప్పు పత్రాలు) వెయ్యి, జూన్ 1న కమ్ ఇంట్రెస్ట్, అంటే అప్పటిదాకా అయిన వడ్డీ ధరలోనే కలిపి, 105 చొప్పున కొన్నావు అనుకో. వడ్డీ వచ్చేది సెప్టెంబర్ 30న, మార్చి 31న. ఇచ్చింది 1,05,000. ఏప్రిల్, మే వడ్డీ 2,000 అమ్మినవాడిది, అది మనం ధరలో కలిపి ముందే ఇచ్చేశాం. అందుకే ఖరీదు 1,03,000. సెప్టెంబర్‌లో 6,000 వచ్చిందని మొత్తం ఆదాయంగా రాయకు, మనది 4,000 మాత్రమే. ఎక్స్ ఇంట్రెస్ట్ అని ఉంటే ఆ వడ్డీ ధరకి పైన విడిగా ఇస్తాం. బోనస్ షేర్లు కంపెనీ ఉచితంగా ఇచ్చేవి, వాటికి సంఖ్య కాలమ్‌లోనే రాయి, డబ్బు కాలమ్ ఖాళీ.

చూశావా, మూడు చాప్టర్లలోనూ అడిగేది ఒక్కటే: ఏ రోజు దాకా, ఏ రోజు నుంచి? మర తిరిగే దాకా, ఫ్యాక్టరీ సిద్ధమయ్యే దాకా, డిబెంచర్ మన చేతికి వచ్చిన రోజు నుంచి. నువ్వు ఫార్ములా కోసం వెతుకుతున్నావు, తేదీలు చూడట్లేదు. మొన్న నువ్వు పంపిన ఫోటోలో వడ్డీ 12 నెలలకీ వేశావు, లెక్కలో కొన్న తేదీ ఆగస్ట్ 1 అని స్పష్టంగా ఉంది.

ఆ లెక్క మళ్లీ చేసి, గీతతో సహా ఫోటో తీసి పంపు. ఆదివారం పొద్దున లైబ్రరీకి వెళ్లేలోపు చూస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రూమ్మేట్