చెల్లికీ ఒక పేరుంటుంది

సంపాదకులకు నమస్కారం.

మీ క్రీడల పేజీలో ఓ మూలన స్కీ జంపర్ (మంచు వాలు మీంచి జారి గాల్లో దూరం ఎగిరే ఆటగాడు) డోమెన్ ప్రెవ్‌త్స్ గురించి నాలుగు లైన్లు వేశారు. మొదలే 'పీటర్ తమ్ముడు' అని. నేను అక్కడే ఆగిపోయాను.

నేను వడ్రంగిని. మాది నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ. వెయిట్‌లిఫ్టింగ్‌కి మా ఊరి పేరు మీకు కొత్త కాదు. నా కూతుళ్లిద్దరూ బరువులెత్తుతారు. మంచు మొహం మేమెవరం చూడలేదు. అయినా ఆ వార్త పట్టుకుని చిన్నది ఫోన్‌లో వీడియోలు పెడితే రెండు రాత్రులు అవే చూశాం.

ఆ అన్నదమ్ములది యూరప్‌లోని స్లొవేనియాలో చిన్న పల్లె. తండ్రిది ఫర్నిచర్ వ్యాపారం, పైగా స్కీ జంపింగ్‌కి జడ్జి. (మీరూ రెఫరీ పరీక్ష రాయండి అని మా ఆవిడ ఎగతాళి.) అయిదుగురు పిల్లల్లో నలుగురు ఈ ఆటలోకే వచ్చారు. పెద్దోడు పీటర్ 2015 ఫిబ్రవరిలో నార్వేలో 250 మీటర్లు ఎగిరాడు. అంత దూరం పోయిన మొదటి మనిషి. ఆ రికార్డు నిలిచింది ఒక్కరోజే, మర్నాడు నార్వే ఆటగాడు 251.5 కొట్టేశాడు. తర్వాతి సీజన్‌లో పీటర్ 15 వరల్డ్ కప్ పోటీలు గెలిచాడు. దాని తర్వాతి సీజన్ మొదటి పోటీ గెలిచింది మాత్రం 17 ఏళ్ల డోమెన్. అన్న 250 ఎగిరిన పదేళ్లకి, 2025 మార్చిలో, డోమెన్ సొంత గడ్డ ప్లానిట్సాలో 254.5 మీటర్లు ఎగిరి ప్రపంచ రికార్డు ఇంటికి తెచ్చాడు. చెల్లి నికా అదే ఏడాది ప్రపంచ పోటీల్లో వ్యక్తిగత బంగారాలు రెండూ తనే గెలిచింది. ఇంకా 'పీటర్ తమ్ముడు' ఏమిటండీ?

వాళ్లు దిగేటప్పుడు ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ వేసి, మోకాళ్లు వంచి, చేతులు బారజాపుతారు. అలా దిగకపోతే జడ్జీలు మార్కులు కోస్తారు. చిన్నది వీడియో ఆపి "నాన్నా, ఇది మన జెర్కే కదా" అంది. నిజమే, జెర్క్‌లో బరువుల బారు తలపైకి లేపేటప్పుడు కాళ్లు అలాగే తెరుచుకుంటాయి. షెడ్డు వెనక ప్లైవుడ్ రెండు పొరలు కొట్టి నేనే వేసిన బల్ల ఉంది. చిన్నదాని ముందుకాలు పడేచోట సొట్ట పడింది. పెద్దదాని సొట్ట దానికి జానెడు ఇవతల. చూడగానే ఏది ఎవరిదో చెప్తాను.

"ఒక గుంట ఎత్తుతోంది కదా, రెండోదాన్నైనా చదివించరా" అంటారు చుట్టాలు. వాళ్లు సరే. జిల్లా పోటీల్లో చిన్నది కాంస్యం తెస్తే ఓ పత్రికలో పెద్దదాని పేరు రాసి, 'ఆమె చెల్లికీ పతకం' అని వేశారు. దీని పేరు లేదు. ఆ ముక్క కత్తిరించి గోడకి అంటిస్తానంటే, "అక్క ఫొటో పక్కన అంటించు, అది అక్క వార్తే" అంది.

వచ్చే నెల మళ్లీ పోటీలున్నాయి. గెలిస్తే మీ విలేకరికి పేరు కాగితం మీద రాసిస్తాను. ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటే, అది వేయకపోయినా పర్లేదు.

ఇట్లు,
ఒక వడ్రంగి,
కొండవెలగాడ, విజయనగరం జిల్లా