దుబాయ్ వాతావరణ సభ చందా: జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన గడపలకు, పడవల వాళ్లకు, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు పల్లెపాలెం కమిటీ నమస్కారాలు. 2023 నవంబరు 30న దుబాయ్‌లో మొదలైన ప్రపంచ వాతావరణ సభకు మన ఎండుచేపల అక్కను పంపించాం. ఆ లెక్క సంక్రాంతిలోపు చెప్తామన్నాం, ఇదిగో చెప్తున్నాం.

జమ: గడపకు 300 చొప్పున 142 గడపలవి 42,600. పడవకు 500 చొప్పున 38 పడవలవి 19,000. గల్ఫ్ నుంచి 20,000. రద్దయిన విమానం తాలూకు తిరిగొచ్చింది 9,800. మొత్తం 91,400 రూపాయలు.

ఖర్చు: పాస్‌పోర్టు 1,500. రైళ్లు, ఆటోలు 2,240. ఇన్సూరెన్స్ 900. ఫోన్ 1,650. తిండి, మెట్రో కలిపి 6,150. బస ఖర్చు లేదు, దుబాయ్‌లోని దేరాలో మన ఆడపడుచు ఇంట్లోనే ఉంది. వీసా, బ్యాడ్జీ సంగతి సభకు అక్క పేరు పంపిన సంస్థ చూసుకుంది. ఫ్లెక్సీ 1,800, ఇది మాత్రం దండగ. సభ లోపల ఏది పట్టుకు నిలబడాలన్నా ఐక్యరాజ్యసమితి వాళ్ల అనుమతి ముందే ఉండాలట, మాకు తెలియక వేయించాం. పైగా ప్లాస్టిక్ ఫ్లెక్సీ. కుర్రాళ్లు నవ్వారు, నవ్వనీండి.

మద్రాసు నుంచి రానూపోనూ విమానం టికెట్టు 26,900. డిసెంబరు 4న తిరిగి రావాలి. ఆ రోజు మిచాంగ్ తుపాను వానకు మద్రాసు విమానాశ్రయమే మూతపడింది. మర్నాడు మధ్యాహ్నం అదే తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్క దేరాలో ఫోన్ పట్టుకు కూర్చుంది, ఇక్కడ మనం ఆమె ఇంటి పైకప్పు రేకులు ఏరుకుంటున్నాం. తర్వాత హైదరాబాద్‌కు కొత్త టికెట్టు కొన్నాం, 15,300. ఖర్చు మొత్తం 56,440.

మిగిలిన 34,960లో 21 ఇళ్లకు 1,400 చొప్పున టార్పాలిన్ పట్టాలు కొన్నాం, 29,400. ఇది ఊళ్లో సభ పెట్టి మిమ్మల్ని అడగకుండా చేసిన ఖర్చు, ఆ తప్పు మాదే. ఒప్పుకోని వాళ్లు తమ వాటా వెనక్కి అడగొచ్చు. చేతిలో ఉన్నది 5,560.

ఇక రచ్చబండ దగ్గర అడిగిన ప్రశ్న: వాతావరణం పాడవుతోందని చెప్పడానికి విమానం ఎక్కడమేమిటి? అడగాల్సిందే. రానూపోనూ దాదాపు 5,500 కిలోమీటర్లకు ఆమె వాటాకు అర టన్ను బొగ్గుపులుసు వాయువు పడుతుంది. మన ఇంజన్లలో 185 లీటర్ల డీజిల్ కాల్చినంత. సగటు భారతీయుడి వాటాకు మూడు నెలల్లో పడేది దాదాపు అంతే. రూపాయలకు రసీదు ఉంది, దీనికి లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

1995లో బెర్లిన్‌లో మొదటి సభకు వచ్చింది సుమారు నాలుగు వేల మంది. దుబాయ్‌కి 80 వేల పైచిలుకు. వాళ్లలో చమురు, గ్యాస్, బొగ్గు కంపెనీల తరఫు వాళ్లే 2,400 మందికి పైగా ఉన్నారని ప్రజాసంఘాలు లెక్క తేల్చాయి. సభాధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబెర్ అబూధాబీ చమురు కంపెనీకీ పెద్దే. అర టన్నుకు మనం సంజాయిషీ ఇస్తున్నాం సరే, ఆ 80 వేల మందిలో ఎందరు ఇస్తున్నారో!

అక్కకు మాట్లాడే అవకాశం నాలుగు నిమిషాలు దొరికింది. తెలుగులోనే చెప్పింది, ఒక అబ్బాయి ఇంగ్లిషులోకి మార్చాడు. గంగమ్మ గుడి ముందు వేపచెట్టు ఉన్నప్పటి ఫొటో, ఆ చెట్టు చోట ఇప్పుడున్న నీళ్ల ఫొటో, రెండూ చూపించింది. వాతావరణ మార్పుకు దెబ్బతిన్న పేద దేశాలను ఆదుకునే నష్టాల నిధికి మొదటి రోజే దేశాలన్నీ ఒప్పుకున్నాయి. సభ ముగిసేసరికి దాదాపు 70 కోట్ల డాలర్ల హామీలు వచ్చాయి. అమెరికా ఇస్తానన్నది కోటీ 75 లక్షలు. మన 21 ఇళ్లకు అందులోంచి పైసా రాలేదు, అది ఎలా అడగాలో కూడా ఎవరూ చెప్పలేదు. అయినా అలాంటి నిధి ఒకటుందని మన పాలెంలో తెలిసింది ఈ ప్రయాణం వల్లే. చందా వృథా అయిందని కమిటీలో ఇద్దరంటున్నారు, మిగతా ఐదుగురం అనడం లేదు.

2028 సభను మన దేశంలోనే పెడదామని ప్రధాని అక్కడ ప్రతిపాదించారు. అదే జరిగితే రైలెక్కి వెళ్లొచ్చని అనుకున్నాం. బిల్లులన్నీ గంగమ్మ గుడి గదిలో ఉన్నాయి, ఆదివారం సాయంత్రం ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఫ్లెక్సీ అక్క వంటింటి మీద కప్పి ఉంది.