ఒత్తిడి తగ్గించాలంటే ముందు డ్యూటీ చార్టు మార్చండి

సంపాదకులకు,

అయ్యా,

పల్లె ఆరోగ్య కేంద్రాల్లో చాలాకాలం సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైన దానిని. ఈమధ్య ఒకచోట నర్సులకు, ఏఎన్ఎంలకు ఒత్తిడిని తట్టుకోవడంపై శిక్షణ పెట్టారు. పెట్టింది ఆదివారం. రానివారిని సంజాయిషీ అడిగారు. అక్కడ నేర్పిన శ్వాస వ్యాయామాలతో నాకు పేచీ లేదు గానీ, ఉన్న ఒక్క సెలవునూ లాక్కుని విశ్రాంతి గురించి పాఠం చెప్పడం ఏం పద్ధతో అర్థం కాలేదు.

ఇలాంటి ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసి కుంగిపోవడాన్ని బర్నౌట్ అంటారు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-11లో జబ్బుగా కాక, పనిచేసేచోట ఎంతకీ తగ్గని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా పేర్కొంది. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నామనిపించడం దాని లక్షణాలు. ఒకప్పుడు పేషెంటును 'అమ్మా' అని పలకరించిన నర్సు 'ఏడో నంబరు బెడ్డు' అనడం, అటెండెంట్ల మీద విసుక్కోవడం మొదలుపెడితే మనం దాన్ని పొగరంటాం, ఫిర్యాదు రాస్తాం. తర్వాతి డ్యూటీకి రావాల్సిన రిలీవర్ రాక ఆమె వరుసగా రెండు డ్యూటీలు చేసిందేమోనని మాత్రం ఎవరూ అడగరు.

దేవరకొండ వైపు తండాల్లో ఆశా కార్యకర్తలను చూడండి. గర్భిణి వెంట ఆసుపత్రికి వెళ్లి, చీకటి పడ్డాక ఇల్లు చేరి, ఒక చేత్తో అన్నం కలుపుకుంటూనే మరో చేత్తో ఫోన్ చూసుకుంటారు. వాట్సాప్ గ్రూపులో 'రిపోర్టు పంపనివారు' అన్న జాబితాలో తమ పేరుందేమోనని భయం. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ పీజీ డాక్టర్లకు వారానికి 74 గంటలకు మించి పని ఉండరాదని, ఒక రోజు సెలవివ్వాలని సిఫారసు చేసింది. అదీ ఎక్కువేనని నా అభిప్రాయం. ఆశాలకైతే ఆ లెక్క కూడా లేదు.

అన్నిటికన్నా కుంగదీసేది పేషెంటు చావు. ప్రసూతి మరణాల సమీక్ష ఉద్దేశం లోపాలు సరిదిద్దడమే తప్ప ఎవరినో నిందించడం కాదని కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నా, కింది స్థాయికి వచ్చేసరికి అది విచారణగా మారుతుంది. ఆ రాత్రి బాలింత చేయి పట్టుకుని ఉన్న నర్సు మర్నాడు సమాధానాలు రాసిచ్చి, మళ్లీ అదే లేబర్ రూమ్‌లో నైట్ డ్యూటీకి దిగాలి. అలాంటి ఘటన తరువాత ఆమెను కొన్నాళ్లు వేరే వార్డుకు మార్చి, సీనియర్ ఒకరు పక్కన కూర్చుని జరిగింది చెప్పుకోనిస్తే, తర్వాత నెలల తరబడి లాంగ్ లీవు పెట్టే పరిస్థితి చాలామందికి రాదు.

పరిస్థితి అప్పటికే ముదిరితే రెండు రోజుల సెలవుతో కోలుకోరు. నిద్ర పట్టకపోవడం, ఊరకే ఏడుపు రావడం వారాల తరబడి సాగితే డాక్టరుకు చూపించుకోవాలి, డ్యూటీకి తిరిగి వచ్చాకా కొంతకాలం తేలిక పని ఇవ్వాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్యం అందుబాటులో ఉన్నా, తాము రోజూ సూదులు వేసే జనం మధ్యే ఓపీ చీటీ పట్టుకుని నిలబడటానికి మనవాళ్లు జంకుతారు. సిబ్బంది కోసం వారానికి ఒక పూట విడిగా, వివరాలు పైఅధికారులకు చేరకుండా వైద్యుడిని చూసే వీలు కల్పించాలని, వారాంతపు సెలవుల చార్టును ప్రతి పీహెచ్‌సీ నోటీసు బోర్డులో పెట్టించాలని, అత్యవసరమైతే తప్ప రాత్రివేళ గ్రూపుల్లో రిపోర్టులు అడగరాదని ఆదేశించాలని ఉమ్మడి జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాను.

భవదీయురాలు,
విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్,
నల్లగొండ జిల్లా