ఆ చిట్కాను సవరించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత కార్ల సంరక్షణ మీద మీరిచ్చిన చిట్కాల్లో, సైడ్ మిర్రర్ వదులైతే ఎపాక్సీ జిగురు పెట్టి అతికించుకోవచ్చని ఉంది. దయచేసి దాన్ని సవరించండి. అలా అతికించిన అద్దాన్ని తర్వాత విప్పబోతే క్రోమ్ పూత, తలుపు పెయింటు రెండూ ఊడొస్తాయి. ఆ కాలపు అసలు భాగం మళ్లీ దొరకడం ఎంత కష్టమో ఈ కార్లను ప్రేమగా చూసుకునేవాళ్లకు తెలుసు.

ముందు వదులు ఎక్కడుందో పట్టుకోవాలి. ఒక చేత్తో అద్దాన్ని తలుపుకి కలిపే కాడను గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో అద్దాన్ని ఊపి చూడాలి. అద్దం ఒక్కటే ఊగితే లోపం బాల్ జాయింట్‌ది, అంటే అద్దం అటూ ఇటూ తిరిగేలా కాడ చివర ఉండే గుండు కీలుది. దాన్ని బిగించే స్క్రూ కొన్ని మోడళ్లలో గాజు వెనకాల ఉంటుంది. అక్కడ నూనె మాత్రం వేయకూడదు. ఆ జాయింటు రాపిడితోనే నిలబడుతుంది.

కాడతో సహా ఊగితే తలుపు దగ్గర చూడాలి. మా 1965 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి కాడ నేరుగా తలుపు పై కీలులోకి మరతో ఎక్కుతుంది కాబట్టి పని తేలిక. తలుపు రేకుకే బిగించే కార్లలో అంత తేలిక కాదు. అద్దం బేస్‌కీ రేకుకీ మధ్య ఉండే రబ్బరు ప్యాకింగ్ ఏళ్ల తరబడి ఎండకి గట్టిపడి కుంచించుకుపోతుంది. ఆ సందులోంచి నీళ్లు దిగి, రంధ్రం చుట్టూ తుప్పు మొదలవుతుంది. స్క్రూని ఇంకా ఇంకా తిప్పితే బేస్ పగలొచ్చు, ఎందుకంటే చాలా బేస్‌లు జింకుతో పోతపోసినవి, పెళుసుగా ఉంటాయి. రబ్బరు కొత్తది వేయాలి, తుప్పు గీకి ప్రైమర్ పూయాలి. రంధ్రం పెద్దదైపోయి ఉంటే రేకు లోపలివైపు చిన్న ఇనుప పలక పెట్టి దానికి బిగించాలి. లోపలి ప్యానెల్ విప్పినప్పుడు తలుపు అడుగున గుడ్డ పరవండి, జారిన నట్టు దొరుకుతుంది. మరలకు, వదులవకుండా పట్టి ఉంచే మీడియం రకం థ్రెడ్ లాకర్ ద్రవం ఒక్క చుక్క చాలు, అది మామూలు పానాతోనే మళ్లీ విప్పుకోవచ్చు.

ఇదంతా అందం కోసం చెప్పడం లేదు. ఆ రోజుల్లో చాలా కార్లకు డ్రైవర్ వైపు ఒక్క అద్దమే ఇచ్చేవారు. అది వణుకుతుంటే వెనక వచ్చే బైకు మసకగా తప్ప కనిపించదు, లేన్ మారాలంటేనే టెన్షన్.

మీ చిట్కా చదివి ఎపాక్సీ కొనడానికి బయల్దేరేవాళ్లు ఉంటారు. సవరణ వచ్చే సంచికలోనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు