కోడ్ చెప్పకుండా బ్యాటరీ మార్చమంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా వంటి హైబ్రిడ్ కార్లు (పెట్రోల్ ఇంజన్‌తో పాటు పెద్ద బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్నవి) మన రోడ్ల మీద నానాటికీ పెరుగుతున్నాయి. వాటిలో హెచ్చరిక దీపం వెలిగినప్పుడు సర్వీస్ సెంటర్ వారు యజమానికి ఏం రాసివ్వాలన్న విషయంపై నాకు ఎదురైన అనుభవాన్ని మీ పాఠకులతో పంచుకోదలచాను.

నేను గుంటూరులో పత్తి కొనుగోలు వ్యాపారం చేస్తాను. నాది పదేళ్లు దాటిన పెట్రోల్ హైబ్రిడ్ కారు. గత మే నెలలో నరసరావుపేట నుంచి వస్తుండగా మీటరులో ఎర్రటి త్రికోణం, దానితోపాటే ‘చెక్ హైబ్రిడ్ సిస్టమ్’ అన్న అక్షరాలు వెలిగాయి. అంతకు వారం ముందు నుంచే వెనక సీటు వైపు ఫ్యాన్ హోరు వినిపిస్తున్నా, ఎండలకు ఏసీ చప్పుడేమో అనుకుని పట్టించుకోలేదు. సర్వీస్ సెంటర్‌లో అరగంట చూసి, హైబ్రిడ్ బ్యాటరీ మొత్తం మార్చాలని, ఖర్చు లక్షల్లో ఉంటుందని తేల్చారు. కారు కంప్యూటర్ లోపాన్ని సూచించే ఏ కోడ్ వచ్చిందో, ఏ రీడింగులు చూసి ఆ నిర్ణయానికి వచ్చారో రాసివ్వమంటే ఎస్టిమేటు కాగితం మాత్రమే చేతికిచ్చారు.

మనసొప్పక కారును విజయవాడ ఆటోనగర్‌లో హైబ్రిడ్ పని తెలిసిన ఒక మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన ముందుగా 12 వోల్టుల చిన్న బ్యాటరీని పరీక్షించారు. అది నీరసిస్తే సంబంధం లేని దీపాలు కూడా వెలుగుతాయట. అది బాగానే ఉంది. తరవాత స్కానర్ పెడితే పి0ఎ80 అన్న కోడ్ వచ్చింది. ఆ కోడ్‌కు పుస్తకంలో ఉన్న పేరే ‘హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చండి’ అని. నిజానికి ప్యాక్‌లో (అంటే ఆ పెద్ద బ్యాటరీలో) రెండేసి చొప్పున ఉండే సెల్స్ పెట్టెల జతల మధ్య వోల్టేజీ తేడా హద్దు దాటిందని మాత్రమే కంప్యూటర్ గమనిస్తుంది, ఎందుకు దాటిందో ఆ కోడ్ చెప్పదు. మా కారులోని 17 జతల్లో 16 జతలు 15 వోల్టుల దగ్గర నిలకడగా ఉండగా, ఒక్కటి మాత్రం యాక్సిలరేటర్ నొక్కగానే 13కు జారడం నేను స్క్రీన్ మీద కళ్లారా చూశాను.

బ్యాటరీ కరెంటును తెంపే నారింజ రంగు సర్వీస్ ప్లగ్ లాగేసి, పది నిమిషాలు ఆగి, కరెంటు పనికి వాడే రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నాకే ఆయన ప్యాక్ విప్పారు. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ రెక్కల మీద పత్తి నూగు దుమ్ముతో కలిసి కంబళి ముక్కలా గట్టిపడి ఉంది. నేను నమూనా సంచులు వేసుకెళ్లేది ఆ గాలి లోపలికి వెళ్లే జాలీ పక్కనే, వెనక సీటు మీదే. సెల్స్‌ను కలిపే రాగి పట్టీలకు పచ్చగా చిలుము పట్టింది. ఫ్యాన్ శుభ్రం చేసి, పట్టీలు రుద్ది, బలహీనపడిన ఆ ఒక్క జతను మార్చారు. సర్వీస్ సెంటర్ చెప్పిన మొత్తంలో పదో వంతు కూడా కాలేదు. మిగతా సెల్స్‌కూ వయసైపోయింది కనుక ఇది కొత్త ప్యాక్‌తో సమానం కాదని ఆయన ముందే చెప్పారు. ఆ మాట కూడా నాకు సర్వీస్ సెంటర్‌లో ఎవరూ చెప్పని వివరమే.

ఏటా సర్వీసుకు ఇచ్చిన బండిలో ఆ జాలీని ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఎవరూ తీసి చూడకపోవడం నన్ను ఎక్కువగా బాధించింది. దాన్ని ప్రతి సర్వీసులోనూ చూడాల్సిన పనిగా జాబ్ కార్డులో చేర్చాలని, బ్యాటరీ మార్చమని చెప్పే ముందు కోడ్‌నూ జతలవారీ వోల్టేజీలనూ యజమానికి రాతపూర్వకంగా ఇవ్వాలని కార్ల కంపెనీలను కోరుతున్నాను. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించిన, మరమ్మతు సమాచారం వినియోగదారులకు అందించే ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ పరిధిలో వాహనాల రంగం కూడా ఉంది. అటువంటప్పుడు ఈ పాటి కాగితం అడగడం అత్యాశ కాదు. వారంటీ ఉన్నవారు బయట విప్పించే ముందు దాని షరతులు తప్పక చదువుకోవాలి. జాలీ పైపైన దుమ్ము దులుపుకోవడం వరకే మన పని. రెండు వందల వోల్టులు దాటే ఆ ప్యాక్ మీద ఇంట్లో ఎవరూ చెయ్యి వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు