వాక్యం చివర ఒక ‘అట’

బఫెలో,
నవంబర్ 16, 2025, ఆదివారం

చిరంజీవి చిన్నాకి,

అక్క దీవించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా కులాసా అనే అనుకుంటున్నాను, ఒక్క అమ్మ విషయం తప్ప. అది చివర్లో రాస్తాను.

అమెరికాలో పైచదువుకి రాసే జీఆర్‌ఈ పరీక్ష గురించి మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాట నా చెవిలోనే ఉండిపోయింది. “క్వాంట్, అదే లెక్కల భాగం, పర్లేదక్కా. వెర్బల్‌లో, ఆ ఇంగ్లీషు భాగంలో, పేరా చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, జవాబులు చూసుకుంటే సగం తప్పు” అన్నావు. ఇది ఫోన్లో పావుగంటలో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం. బళ్ళో మనం చదివింది ఒడియా. తెలుగు అక్షరాలు అమ్మ పక్కన కూర్చుని పలక మీద దిద్దుకున్నవి. నాలుగు పేజీలు చదవడానికి నీకు టైం పడుతుంది. పట్టనీ.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే నీకు నేను పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 2023 వేసవిలో నేను మొదటిసారి జీఆర్‌ఈ రాసినప్పుడు నాకు మూడు వేల ఇంగ్లీషు మాటలు కంఠతా వచ్చు. కోచింగ్‌లో అదే చేయించారు. పొద్దున్న వంద మాటలు, సాయంత్రం వాటి మీద టెస్టు. మన వీధి గది గోడంతా చీటీలే, నీకు గుర్తుండే ఉంటుంది. గుణుపూర్ పాసింజర్‌లో విశాఖ వెళ్ళాను, దారిపొడుగునా ఆ చీటీలే తిరగేశాను. పరీక్ష అయిపోగానే తెర మీద వెర్బల్ 143 అని పడింది. 130 నుంచి 170 దాకా ఇచ్చే మార్కుల్లో 143. ఇరవై వేలకి పైగా ఫీజు నాన్న కట్టారు. తిరుగు బండిలో నౌపడా దాటేవరకూ కిటికీ వైపు తిరిగే కూర్చున్నాను, ఎవరైనా పలకరిస్తే ఏడుపొస్తుందని.

మాటలన్నీ వచ్చు కదా, మరి ఎక్కడ పోయింది అన్నది నెల రోజుల తర్వాతగానీ తెలియలేదు. అది తెలిసింది పుస్తకంలో కాదు, నాన్న అరుగు మీద.

ఆ రోజు కాశీనగర్ వైపు నుంచి ఒక పెద్దాయన పాత దస్తావేజు పట్టుకొచ్చాడు. 1936లో ఒడిశాలో చేరకముందు మన పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి కాగితం, తెలుగులో ఉంది. మడతల దగ్గర చిరిగి, సిరా గోధుమరంగుకి తిరిగింది. పొలంలో బావి తమదేనని అన్నదమ్ముల పిల్లలతో తగాదా. నాన్న కళ్ళజోడు సవరించుకుని, వేలు వాక్యం కింద పెట్టి, ఒక్కో మాటే పైకి చదివారు: “సదరు బావి నీళ్ళు వాడుకొనుటకు హక్కు కలదు.” ఆగి, మళ్ళీ చదివారు. “నీళ్ళు వాడుకోవచ్చని ఉందండి. బావి మీదని ఎక్కడా లేదు” అన్నారు. పెద్దాయన “ఊరందరికీ తెలుసు బాబూ, మా తాత తవ్వించిందే” అన్నాడు. నాన్న కోప్పడలేదు. “ఊరికి తెలిసిందేదో నాకూ తెలుసు. కాగితంలో ఉందా?” అని మాత్రం అడిగారు.

నేను గుమ్మంలో నుంచుని విన్నాను. పరీక్షలో నేను చేసింది అచ్చంగా ఆ పెద్దాయన చేసిందే. పేరాలో నీళ్ళ హక్కు అని ఉంటే బావి హక్కు అని జవాబు పెట్టి వచ్చాను.

ఇప్పుడు నీ దగ్గరికి వస్తాను. పోయిన వారం నేను ఇంగ్లీషులో రాసి పంపిన పేరా తియ్యి. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: కడుపులో పుండ్లకి కారణం టెన్షన్, కారం, మసాలాలు అని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. 1980లలో ఆస్ట్రేలియాకి చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ అలాంటి రోగుల్లో ఎక్కువమంది కడుపులో ఒక బాక్టీరియా ఉందని చూపించారు. చాలామంది నిపుణులు మొదట ఒప్పుకోలేదు. అయితే మందులతో ఆ బాక్టీరియాని చంపితే పుండ్లు తిరగబెట్టడం బాగా తగ్గిందని తేలాక అభిప్రాయం మారింది. ఆ బాక్టీరియా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి మాత్రం పుండ్లు అసలు రావు.

పేరాని బట్టి ఏమనుకోవచ్చు అని అడిగి మూడు ఇచ్చాను. టెన్షన్‌కీ పుండ్లకీ ఏ సంబంధమూ లేదు అన్నది మొదటిది. బాక్టీరియా ఉంటే పుండు ఖాయం అన్నది రెండోది. బాక్టీరియా ఉన్నంత మాత్రాన పుండు వస్తుందని చెప్పలేం అన్నది మూడోది. నువ్వు మొదటి రెండూ పెట్టావు.

రెండోదాన్ని ఆఖరి వాక్యమే కొట్టేస్తోంది. అక్కడికి వచ్చేసరికి నువ్వు ప్రశ్నలోకి దూకేశావు, అంతే. మొదటిది చూడు. డాక్టర్ల నమ్మకం మారిందని పేరా అంటోంది. టెన్షన్‌కి ఏ పాత్రా లేదని అనలేదు. ‘ఏ’ అన్న ఒక్క అక్షరం నీ చేత తప్పు పెట్టించింది. ఇంగ్లీషులో ఓన్లీ, ఆల్వేస్, నెవర్, ఆల్ లాంటి మాటలు జవాబులో కనబడితే నాన్నని తలుచుకో. వేలు పెట్టి, అంత పెద్ద మాట పేరాలో ఉందో లేదో చూడు. నిజంగా ఉంటే ఆ జవాబే పెట్టు. అలాంటి మాట ఉన్నది ప్రతిదీ తప్పే అని కోచింగుల్లో చెప్తారు, అది నమ్మకు.

ఆ బాక్టీరియాని మార్షల్ తనే తాగి చూశాడనీ, వాళ్ళిద్దరికీ 2005లో నోబెల్ వచ్చిందనీ నువ్వు నాకు చెప్పావు. మంచిదే. కానీ పేరా చదివేటప్పుడు ఆ జ్ఞానమంతా చెప్పులతోపాటు గుమ్మం బయటే వదలాలి. ఫిజిక్సు, జీవశాస్త్రం, చరిత్ర, చిత్రలేఖనం, దేని మీదైనా పేరా ఇస్తారు. జవాబు చెప్పడానికి కావలసిందంతా అందులోనే పెడతారు.

ఇక నాకు అన్నిటికంటే పనికొచ్చిన కిటుకు. మన భాషలో ఒక చిన్న మాట ఉంది, ‘అట’. “వాడు వచ్చాడు” అంటే నేను చూశాను. “వాడు వచ్చాడట” అంటే ఎవరో అన్నారు, పూచీ నాది కాదు. అమ్మ వీధిలో విన్న కబురు ఏది చెప్పినా చివర ‘అట’ లేకుండా చెప్పదు. ఇంగ్లీషులో వాక్యం చివర అలాంటి మాట లేదు. అక్కడ దాన్ని వాక్యం మధ్యలో ఎక్కడో దాస్తారు. ‘క్రిటిక్స్ కంటెండ్’ (విమర్శకులు వాదిస్తారు) అంటారు, ‘ఇట్ వజ్ లాంగ్ బిలీవ్డ్’ (చాలాకాలం నమ్మారు) అంటారు, ‘సపోజెడ్లీ’ (అనుకోవడమైతే అలా) అంటారు. పేరా రాసినవాడి మాట ఏది, వాడు వేరేవాళ్ళ నోట పలికిస్తున్న మాట ఏది అన్నది తేలకపోతే రచయిత ఉద్దేశం ఏమిటి అన్న ప్రశ్న ఎప్పటికీ తప్పే పోతుంది.

కాబట్టి పెన్సిల్ తీసుకుని ప్రతి వాక్యం పక్కనా తెలుగులో ‘అట’ పెట్టవచ్చా లేదా చూడు. పుండ్ల పేరాలో మొదటి వాక్యానికి పెట్టొచ్చు: టెన్షన్ వల్ల పుండ్లు వస్తాయట. ఆఖరి వాక్యానికి పెట్టలేవు, అది రాసినవాడు తన పూచీ మీద చెప్తున్నది. అట నుంచి సొంత మాటలోకి పేరా ఎక్కడ తిరుగుతుందో అక్కడ సాధారణంగా ఒక హౌవెవర్, ఒక యెట్, ఒక బట్ ఉంటుంది. మన ‘అయితే’ లాగా. నేను రెండు నెలలు ఇదే చేశాను. రోజుకి మూడు పేరాలు, అంతకుమించి చదవలేదు. మొదటి వారం ఒక్కోదానికి ఇరవై నిమిషాలు పట్టింది. నీకూ పడుతుంది, కంగారు పడకు.

పొడుగు వాక్యాల గొడవ ఇంకొకటి. మనకి క్రియ చివర వస్తుంది, చివరిదాకా ఓపిక పట్టడం మనకి పుట్టుకతో వచ్చినదే. ఇంగ్లీషులో కర్తకీ క్రియకీ మధ్య ఇద్దరు ముగ్గురు చుట్టాలు వచ్చి కూర్చుంటారు. ముందు ఎవరు, ఏం చేశారు అన్న రెండూ పట్టుకో. మధ్యలోవాళ్ళని తర్వాత పలకరించొచ్చు.

టైం సంగతి గబగబా చెప్పేస్తాను. నేను మొదటిసారి రాసినప్పుడు పరీక్ష దాదాపు నాలుగు గంటలు. 2023 సెప్టెంబర్ నుంచి గంటా 58 నిమిషాలకి కుదించారు. వెర్బల్ మొదటి భాగం 12 ప్రశ్నలకి 18 నిమిషాలు, రెండోది 15 ప్రశ్నలకి 23 నిమిషాలు. దాదాపు సగం ప్రశ్నలు పేరాల మీదే. మొదటి భాగం ఎలా చేశావన్న దాన్ని బట్టి రెండోది తేలికో కష్టమో వస్తుంది. పెద్ద పేరా వస్తే మార్కు చేసి వదిలెయ్, చివర్లో రా. తప్పుకి మార్కులు కొయ్యరు, ఖాళీ వదలకు. పేరా మీద అడిగే ప్రశ్నకి నలుచదరం గడులుంటే, జవాబుల్లో ఒకటైనా, రెండైనా, మూడూ అయినా ఒప్పు కావచ్చు. అన్నీ సరిగ్గా పెడితేనే మార్కు. జీఆర్‌ఈ పెట్టేవాళ్ళే నడిపే పవర్‌ప్రెప్‌లో ఉచితంగా ఇచ్చే రెండు టెస్టులు ఇప్పుడే తగలెయ్యకు, జనవరికి దాచుకో.

మాటలు బట్టీ పట్టడం మానేయమని అనను. వాక్యంతో కలిపి పట్టు. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూనే సవర భాష నేర్చుకున్నారు. సవర మనుషులు మాట్లాడుతుంటే విని, వాళ్ళతో మాట్లాడి నేర్చుకున్నారు, ఆ తర్వాత వాళ్ళ పిల్లల కోసం పుస్తకాలు రాశారు, నిఘంటువూ ఆయనే కూర్చారు. వరస గమనించు, మనుషుల మాట ముందు, నిఘంటువు తర్వాత. మనమూ అంతే కదా. సంతలో ఒడియా మాట ఒక్కటీ మనకి ఎవరూ అర్థం చెప్పి నేర్పలేదు.

2023 డిసెంబర్లో నేను రెండోసారి రాస్తే వెర్బల్‌లో 156 వచ్చింది. ఇప్పుడు కొన్ని డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈ అడగడమే లేదు, నువ్వు పెట్టే ప్రతి చోటా ముందే చూసుకో. అడగకపోయినా ఈ కష్టం వృథా పోదు చిన్నా. ఇక్కడ పబ్లిక్ హెల్త్ క్లాసులో వారానికి అరవై డెబ్భై పేజీలు చదివి వెళ్ళాలి. వెళ్ళగానే ప్రొఫెసర్ అడిగేది నాన్న ప్రశ్నే, ఇంగ్లీషులో.

ఇక అమ్మ సంగతి. మొదటి జవాబు ఎందుకు పెట్టావని అడిగితే నువ్వేమన్నావు? “అమ్మకి టెన్షన్ ఏముంది అక్కా, అయినా రోజూ రాత్రి కడుపులో మంట అని లేచి కూర్చుంటోంది కదా, అందుకే సంబంధం లేదనుకున్నా” అన్నావు. నాకు ఆ మంట గురించి మీరెవ్వరూ చెప్పలేదు. అమ్మ ప్రతి ఫోన్లోనూ “నాకేటి, బాగున్నాను” అంటుంది. ఎన్నాళ్ళ నుంచి? బరువు తగ్గిందా? రంగు మారి నల్లగా విరేచనం అవుతోందా? అలా ఉంటే ఈ ఉత్తరం మడతపెట్టి ఇవాళే తీసుకెళ్ళు.

లేకపోయినా వచ్చే వారంలోపల చూపించాలి. మంట అంటే పుండే అని నేను అనడం లేదు, ఏమిటో డాక్టరు చెప్పాలి. ఆ బాక్టీరియాకి పరీక్ష ఉంది, ఉంటే మందుల కోర్సుతో సాధారణంగా పోతుంది. బరంపురం వెళ్ళాల్సి వస్తే నాన్నని ఒక్క రోజు అరుగు కట్టేయమను. నొప్పి మాత్రలు ఏవైనా వాడుతోందేమో అడుగు, వాటిలో కొన్నిటి వల్లా పుండ్లు పడొచ్చు. పేరు రాసి నాకు పంపు.

వెనక పేజీలో కొత్త పేరా ఒకటి రాశాను. జవాబులు పంపకు. ఏయే వాక్యాలకి ‘అట’ పెట్టావో అంకెలు వేసి పంపు. దానికంటే ముందు డాక్టరు రాసిన చీటీ ఫోటో పంపు.

నీ అక్క